అక్కకి నోరు తిరగని మాట

అక్క ఫెయిలవడమనేది మా ఇంట్లో అంతకుముందెన్నడూ జరగని సంగతి. అందుకే ఆ ఎండాకాలం మొదట్లో ఆమె బస్సు దిగి, పెట్టె ఈడ్చుకుంటూ వచ్చి, షాపు మెట్టు మీద నిలబడి "ఒకటి పోయింది నాన్నా" అంటే, నాన్న చేతిలోని కళ్ళజోడు తుడవడం ఆపకుండానే "బస్సులోనా?" అని అడిగాడు.

"సామాను కాదు. పరీక్ష."

నాన్న తలెత్తాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. తనది కాదు, చేతిలో ఉన్నది, ఎవరో గిరాకీది. దానిలోంచి అక్కని కాసేపు చూసి, "ఎండన పడి వచ్చావు. ముందు మంచినీళ్ళు తాగు" అన్నాడు.

మాది కళ్ళజోళ్ళ షాపు. ముందు గది షాపు, వెనక రెండు గదులూ వంటిల్లూ మా కాపురం. గోడకి అక్షరాల బోర్డు, దానికి ఎదురుగా గిరాకీ కూర్చునే ఎత్తు స్టూలు, మూలన అద్దాలు అరగదీసే చక్రం. నాన్నకి మాటలు తక్కువ. అద్దాలు మార్చి మార్చి పెడుతూ "ఇదా? ఇదా?" అని అడగడమే ఆయన రోజంతా మాట్లాడే మాట. అమ్మ లేదు. నాకు ఐదేళ్ళప్పుడు, అక్కకి తొమ్మిదేళ్ళప్పుడు పోయింది. ఆ తర్వాత మమ్మల్ని పెంచింది, పక్క వీధిలో కాపురం ఉంటూ రోజూ వచ్చిపోయిన మా పిన్ని, అమ్మ చెల్లెలు.

అక్క డాక్టరు చదువు చివరి ఏడాదిలో ఉంది. నేను డిగ్రీలో సాహిత్యం, నాటకం చదువుతున్నాను. ఇంటికొచ్చినవాళ్ళు అక్కని "ఏ స్పెషలిస్టువి అవుతావమ్మా?" అని గొప్పగా అడిగి, నా వైపు తిరిగేసరికి గొంతు తగ్గించి "మరి నువ్వేం చేద్దామనీ?" అనేవాళ్ళు, ఒంట్లో ఎలా ఉందని అడిగినట్టు. అక్క కూడా ఒకసారి "నీది తీరిక ఉన్నవాళ్ళ చదువే" అంది. వెక్కిరించలేదు. నిజంగానే అలా అనుకునేది.

"ఏ సబ్జెక్టు పోయింది?" పిన్ని అడిగింది ఆ సాయంత్రం, వంటింట్లో కూరలు తరుగుతూ.

"మాట్లాడే సబ్జెక్టు" అంది అక్క.

పిన్ని నా వైపు చూసింది. నేను అక్క వైపు చూశాను.

"ఐదు గదులుంటాయి పిన్నీ. ఒక్కో గదిలో ఒక్కో పేషెంటు. నిజం పేషెంట్లు కాదు, నాటకాలాడేవాళ్ళు. కాలేజీవాళ్ళే పిలిపిస్తారు. మనం లోపలికెళ్ళి మాట్లాడాలి. మూలన ఎగ్జామినర్ కూర్చుని చూస్తుంటాడు. నాలుగు గదులు బానే గట్టెక్కాను. ఐదో గదిలో ఒకాయన. ఆపరేషన్ బల్ల మీదే ఆయన భార్యకి... అంటే, ఆపరేషన్ ఫలించలేదు. అది ఆయనకి చెప్పాలి."

"చెప్పలేదా?"

"చెప్పాను. రక్తం ఎందుకు ఆగలేదో, ఎన్ని సీసాలు ఎక్కించామో, గుండె ఆగాక ఎంతసేపు ప్రయత్నం చేశామో వరసగా చెప్పాను. ఒక్క ముక్క తప్పు లేదు. ఆయనంతా విని, తలూపి, 'సరేనండీ, ఇంటికెప్పుడు తీసుకెళ్ళొచ్చు?' అన్నాడు."

పిన్ని నవ్వబోయి ఆగిపోయింది.

"నాకేం తోచలేదు. మళ్ళీ మొదట్నించీ మొదలుపెట్టాను, రక్తం దగ్గర్నించీ. ఈలోగా బెల్లు కొట్టేశారు."

ఎండాకాలం చివర్లో ఆ పరీక్ష మళ్ళీ పెడతారట. అందులో గట్టెక్కకపోతే తోటివాళ్ళంతా ఆసుపత్రుల్లో చేరిపోతుంటే తను ఇంకో ఏడాది అదే తరగతిలో కూర్చోవాలి. కొన్నాళ్ళు అక్క పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. కానీ ఆ పరీక్షకి పుస్తకమే లేదు. చివరికో మధ్యాహ్నం నా మంచం దగ్గరికొచ్చి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "నీకు వేషాలొచ్చు కదా" అంది. మా అక్క ఎవర్నైనా సాయం అడగడమంటే అదే.

మధ్యాహ్నప్పూట ఎండకి గిరాకీ ఉండదు. షట్టరు సగం దించి, షాపునే మేం ఆసుపత్రి చేశాం. నాన్న మూలన చక్రం దగ్గర తన పని తను చేసుకునేవాడు. పేషెంటు పిన్ని. వేషమంటే పిన్నికి చిన్నప్పట్నించీ పిచ్చి, కానీ ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. మొదటి రోజు ఇస్త్రీ చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది.

"మీకు షుగర్ ఉందండీ" అని అక్క ఇంకా పూర్తిగా అనకముందే, "అయ్యో! నా పిల్లలేమైపోతారు!" అని గుండెలు బాదుకుని కుర్చీలో ఒరిగిపోయింది.

"పిన్నీ, షుగరుకే పోతారా ఎవరైనా?"

"చచ్చేది నువ్వా నేనా? నన్ను సాఫీగా చావనివ్వవే."

నాన్నని కూడా ఒకసారి పట్టుకొచ్చి కూర్చోబెట్టాం. "ఎక్కడ నొప్పండీ?" అంటే "నాకేం నొప్పి లేదు, అవతల రెండు జోళ్ళు సాయంత్రానికి ఇవ్వాలి" అని లేచిపోయాడు. పిన్ని వారం రోజులపాటు ఆ మాట తల్చుకుని తల్చుకుని నవ్వింది.

ఆ నవ్వుల మధ్యే, నాకు తెలిసిన ఒకటి రెండు సంగతులు అక్కకి అందించే ప్రయత్నం చేశాను. మా నాటకం మాస్టారు ఏ పాత్రనిచ్చినా ముందు ఒకటే అడిగేవాడు: ఈ మనిషి నోరు తెరవకముందు ఏం చేస్తున్నాడు?

"ఐదో గదిలో ఆయన, నువ్వు వెళ్ళేసరికి ఏం చేస్తున్నాడు?" అని అడిగాను.

"ఏం చేస్తాడు? కూర్చున్నాడు."

"చేతిలో ఏమైనా ఉందా?"

అక్క చాలాసేపు ఆలోచించింది. ఆమె ఏదైనా ఒకసారి చూస్తే మర్చిపోదు. చూశానన్న సంగతే ఆమెకి తెలియదంతే.

"సంచి" అంది నెమ్మదిగా. "గుడ్డ సంచి. ఒళ్ళో పెట్టుకున్నాడు. పైకి ఆడవాళ్ళ చెప్పులు కనిపిస్తున్నాయి."

పిన్ని కుర్చీలో ముందుకి జరిగింది.

"ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళేటప్పుడు విప్పించి ఉంటారు" అంది మళ్ళీ తనే. "ఇంటికెళ్ళేటప్పుడు వేసుకోవాలని దగ్గర పెట్టుకున్నాడు. అలాంటి మనిషికి నేను రక్తం సీసాల లెక్క చెప్పాను" అంది.

ఆ రోజు తర్వాత అక్క ఒక్కో అలవాటు మార్చుకుంటూ వచ్చింది. నిలబడి మాట్లాడటం మానేసి కూర్చోవడం నేర్చుకుంది. అవతలివాళ్ళు ఊరుకుంటే తనూ ఊరుకోవడం నేర్చుకుంది. అది ఆమెకి అన్నిటికంటే కష్టమైంది, ఖాళీ కనిపిస్తే జవాబు రాసెయ్యడం అలవాటైన మనిషి కదా. నేను తెచ్చిన కథల పుస్తకాలు చదివి, "ఈవిడ ఇలా ఎందుకందో నాకర్థం కాలేదు" అని గిన్నెలు తోముతున్న నా వెనక నిలబడి వాదించేది. చిన్నప్పట్నించీ ఒకే గదిలో పెరిగాం గానీ, మేమిద్దరం ఒకే విషయం గురించి అంతసేపు మాట్లాడుకున్నది ఆ ఎండాకాలమే. చెమటలు కక్కుతూ, సగం దించిన షట్టరు కింద నుంచి వచ్చే వెలుతురు పట్టీలో కాళ్ళు చాపుకుని కూర్చున్న ఆ మధ్యాహ్నాలు తల్చుకుంటే నాకిప్పటికీ హాయిగా ఉంటుంది.

కానీ ఒక్కచోట మాత్రం బండి కదల్లేదు. భర్త వేషం నేను కట్టేదాన్ని. అక్క వచ్చి కూర్చునేది. అన్నీ సవ్యంగా మొదలయ్యేవి.

"మేం చాలా ప్రయత్నం చేశామండీ. మీ భార్యని దక్కించుకోలేకపోయాం."

"అంటే ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళమంటారా?"

"అది కాదండీ. ఆవిడ... ఇక లేరు."

"ఎక్కడికెళ్ళింది? ఈ ఒంటితో ఎక్కడికెళ్తుంది?"

"ఎక్స్‌పైరయ్యారండీ."

"మందుకి డేటు ఉంటుంది గానీ మనిషికుంటుందా?"

అక్క స్టూలు మీంచి లేచింది. "నువ్వు కావాలనే చేస్తున్నావు."

"ఆ మాట చెప్పకపోతే ఆయనకి నిజంగానే అర్థం కాదక్కా. అర్థం చేసుకోవాలని ఉండదు కూడా. చనిపోయిందను."

"పరీక్షలో అంటాను."

"ఇప్పుడను."

అక్క నోరు తెరిచింది. మాట పైకి రాలేదు. ముఖం తిప్పుకుని లోపలికెళ్ళిపోయింది.

పిన్ని కొంగుతో మెడ తుడుచుకుంటూ, చక్రం వైపు ఓ చూపు చూసి, గొంతు తగ్గించి అంది: "మీ ఇంట్లో ఆ మాట ఎవరన్నారనే, అది అనడానికి?"

నేను ఆలోచించాను. నిజమే. అమ్మ గురించి మాట్లాడాల్సి వస్తే "ఆ ఏడాది" అనేవాళ్ళం. ఈ బీరువా ఎప్పుడు కొన్నాం? ఆ ఏడాదికి ముందు. అక్కకి ఆటలమ్మ ఎప్పుడు పోసింది? ఆ ఏడాది తర్వాత. నాన్న అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ చెప్పలేదు, మేం అడగలేదు. అమ్మ ఎలా పోయిందో నాకు తెలిసింది పిన్ని ద్వారానే, అదీ తలలో ఏదో నరం చిట్లిందని ఒక్క ముక్క.

చక్రం ఆగకుండా తిరుగుతూనే ఉంది.

ఆ తర్వాత పిన్ని ఏదో పెళ్ళికని అత్తవారి వైపు వాళ్ళతో ఊరెళ్ళింది. నాకు గొంతు పట్టేసింది. పరీక్ష దగ్గరపడుతోంది. ఆ మధ్యాహ్నం నేను స్టూలెక్కి మగ గొంతు పెట్టబోతే దగ్గు తప్ప ఇంకేం రాలేదు.

"ఇవాళ్టికి వదిలెయ్" అంది అక్క.

మూలన చక్రం ఆగింది. నాన్న చేతులు తుడుచుకుంటూ ఇటొచ్చాడు.

"నేను కూర్చోనా?" అన్నాడు.

ఇద్దరం ఆయన ముఖంలోకి చూశాం.

"ఏమడగాలో తెలుసా నీకు?" అన్నాను, బొంగురు గొంతుతో.

"రోజూ వింటున్నా కదా."

నాన్న ఎత్తు స్టూలు మీద కూర్చున్నాడు. అక్క షట్టరు కింద నుంచి వంగి బయటికెళ్ళి, మళ్ళీ లోపలికొచ్చింది. ముక్కాలిపీట లాక్కుని ఆయనకంటే కిందుగా కూర్చుంది.

"నమస్కారమండీ. నేను డాక్టర్ని. మీతో ఎవరైనా వచ్చారా?"

"లేదండీ. పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు. వాళ్ళ పిన్ని దగ్గర వదిలిపెట్టి వచ్చాను."

అది మేం రాసుకున్న మాట కాదు. నాన్న సొంతంగా కల్పిస్తున్నాడనుకుని నేను సంబరపడ్డాను.

"మీ భార్య గురించి చెప్పాలండీ" అంది అక్క. "మంచి కబురు కాదు." ఒక్క క్షణం ఆగింది. "ఆవిడ చనిపోయారు."

వచ్చింది. మాట వచ్చేసింది. చప్పట్లు కొట్టబోయి చేతులు బిగపట్టుకున్నాను. ఇప్పుడు నాన్న అడగాలి, ఇంటికెప్పుడు తీసుకెళ్ళొచ్చని.

నాన్న అడగలేదు. ఎదురుగా గోడ మీదున్న అక్షరాలు చూస్తున్నాడు.

"నేను టీ తాగడానికి కిందికెళ్ళానండీ" అన్నాడు.

అక్క కదల్లేదు.

"రెండ్రోజుల్నించీ పక్కనే కూర్చున్నా. కళ్ళు తెరవలేదు. చెయ్యి మాత్రం వెచ్చగా ఉండేది. ఆ పొద్దున నర్సమ్మ, గొంతు తడుపుకుని రండి, నేనుంటాను అంది. వెళ్ళాను. సగం గ్లాసు కూడా తాగలేదు. పైకొచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగేసి ఉంది. డాక్టరు ఎదురొచ్చి, ఏవో పెద్ద పెద్ద మాటలు చెప్పి, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నాకేం అర్థం కాలేదు. తెర తీస్తారేమోనని అక్కడే నిలబడ్డాను."

నేను గోడకి ఆనుకున్నాను.

నాన్న చూపు గోడ మీంచి దిగి అక్క దగ్గర ఆగింది. "నన్ను వెతికిందా డాక్టరుగారూ?"

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆ చప్పుడు దూరమై పూర్తిగా వినపడకుండా పోయేదాకా అక్క మాట్లాడలేదు. నాకు అక్క తెలుసు. ఇప్పుడు నరాల దగ్గర్నించీ మొదలుపెడుతుందనుకున్నాను. మొదలుపెట్టలేదు. పీట కొంచెం ముందుకి జరుపుకుంది.

"అలాంటప్పుడు మనిషికి లోపల ఏం తెలుస్తుందో మాకూ పూర్తిగా తెలియదండీ. తెలిసినంతవరకూ చెప్తాను. నొప్పి తెలిసి ఉండదు. వెతికేంత స్పృహ ఉండి ఉండదు. మీరు ఆ గదిలోనే ఉన్నా, జరిగేది జరిగేదే."

"ఉండి ఉంటే చెయ్యి పట్టుకునేవాణ్ణి."

ఎవరైనా అక్కడ "అలా అనుకోకండి" అంటారు. నేనైతే అనేదాన్ని.

"అవునండీ" అంది అక్క. "పట్టుకునేవారు."

నాన్న తలూపాడు. మెల్లిగా, చాలాసార్లు.

"ఆ రెండ్రోజులూ పట్టుకునే ఉన్నారు కదా నాన్నా మీరు" అంది అక్క.

పుట్టి బుద్ధెరిగాక మేం నాన్నని "నువ్వు" అనే పిలిచాం. ఆ "నాన్నా"కీ ఆ "మీరు"కీ మా ఇంట్లో ఎప్పుడూ పొత్తు లేదు. వేషం ఎక్కడ అయిపోయిందో, అక్క ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియలేదనుకుంటాను.

నాన్న స్టూలు దిగాడు. "బాగా చెప్పావు. పాసవుతావు" అన్నాడు. అక్క తల మీద ఒకసారి చెయ్యి వేసి, తన మూలకి వెళ్ళి, చక్రం స్విచ్చి వేశాడు. అద్దం ఆనిస్తే వచ్చే చప్పుడు వేరు. ఆ చప్పుడు రాలేదు. చక్రం ఊరికే తిరుగుతోంది.

అంతలో షట్టరు కింద నుంచి ఒక తల లోపలికి వంగింది. "షాపు తీసే ఉందా? ఈ మర ఊడిపోయిందండీ." నేనే వెళ్ళి ఆ కళ్ళజోడు తీసుకున్నాను. మర బిగించడానికి మామూలు కంటే చాలాసేపు పట్టింది. ఆ పెద్దాయన పాపం ఏమీ అనలేదు.

అక్క పరీక్షకెళ్ళిన రోజు నాన్న రెండుసార్లు ఒకరి అద్దాలు ఇంకొకరి ఫ్రేములో బిగించాడు. సాయంత్రం అక్క షాపుకి ఫోను చేసింది. ఈసారి గదిలో ఒక తల్లి ఉందట, కొడుకు ప్రమాదంలో పోయిన తల్లి. "ఏం చెప్పావు?" అంటే, "తక్కువే చెప్పాను. ఎక్కువసేపు ఆవిడే మాట్లాడింది" అంది. అక్క పాసైంది. ఇప్పుడు పెద్ద ఆసుపత్రిలో నరాల విభాగంలో చేస్తోంది. గదిలోకి వెళ్ళగానే ముందు కుర్చీ లాక్కుంటుందని ఆమె దగ్గర పని నేర్చుకునేవాళ్ళు చెప్పుకుంటారు.

మరుసటి ఏడాది డిగ్రీ కాగానే నేను నర్సింగ్‌కి దరఖాస్తు పెట్టాను. ఏ డిగ్రీవాళ్ళనైనా తీసుకునే కోర్సు ఒకటుంది. ఇంటర్వ్యూలో ఒకావిడ నా కాగితాలు తిరగేసి, "నాటకాలు చదివిన అమ్మాయికి ఆసుపత్రిలో ఏం పని?" అని అడిగింది. మంచం పక్కన కూర్చున్నవాళ్ళ చేతిలో ఏముందో చూడటం వచ్చునండీ అన్నాను. ఆవిడకి జవాబు నచ్చిందో, మరీ వింతగా తోచిందో తెలియదు గానీ సీటిచ్చింది. వార్డుల్లో ఏళ్ళ తరబడి చేశాక, ఇప్పుడు అదే కాలేజీలో మొదటి ఏడాది పిల్లల చేత కథలు చదివిస్తున్నాను. "మేడమ్, ఇది పరీక్షకొస్తుందా?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. వస్తుందనే చెప్తాను.

ఇదంతా తర్వాతి సంగతి. అక్క ఫలితం తెలిసి ఇంటికొచ్చిన సాయంత్రం, నలుగురం వంటింట్లో కింద కూర్చుని అన్నాలు తింటున్నాం. పిన్ని ఊరి నుంచి వచ్చేసింది. తను లేనప్పుడు జరిగింది ఎవరూ ఆమెకి చెప్పలేదు. నేను అప్పటిదాకా ఎవరితోనూ అనని మాట, కంచంలోకి చూస్తూ అనేశాను. "వచ్చే ఏడు నేను నర్సింగ్‌లో చేరదామనుకుంటున్నా."

పిన్ని చెయ్యి గాల్లో ఆగింది. "మరి ఇన్నాళ్ళూ చదివిందంతా?"

"అదీ పనికొస్తుంది పిన్నీ" అంది అక్క. అంతే అంది. నాకది చాలు.

నాన్న ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, నా వైపు చూశాడు. ఆయన కళ్ళలో నవ్వు ఉంది.

"నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మని చూడాల్సిన నర్సమ్మ నన్ను చూసింది" అన్నాడు.

"ఏమిటీ?"

"లోపల మీ అమ్మ ఒక్క అరుపు అరిచిందంతే. నేను బయట కళ్ళు తిరిగి దబ్బున పడ్డా. నర్సమ్మ పరిగెత్తుకొచ్చి నాకు సోడా పట్టింది. ఈలోగా నువ్వు పుట్టేశావు."

"మరి అమ్మ?" అంది అక్క.

"మీ అమ్మా? నన్ను లోపలికి పిలిపించి, దీన్ని నా చేతికిస్తూ, 'పిల్లని పడెయ్యకు, ముందు నువ్వు కూర్చో' అంది. నవ్వుతోంది. ఆ నవ్వుకి కుట్లు నొప్పెడుతున్నాయని నన్ను తిడుతూ మళ్ళీ నవ్వింది."

"బావగారూ, ఆ సోడా సంగతి మా అక్క మా అందరికీ చెప్పింది" అంది పిన్ని. "వీధి వీధంతా చెప్పింది." అంటూనే ఆమె కళ్ళు తుడుచుకుంటోంది, తుడుచుకుంటూనే నవ్వుతోంది.

అమ్మ నవ్వేదని నాకప్పటిదాకా తెలియదు. ఫోటోలో నవ్వలేదు. అక్క ఒకటడిగింది, నేనొకటడిగాను. అమ్మ ఈ షాపులో కూర్చునేదా? కూర్చునేది, బేరాలన్నీ ఆవిడే చేసేది. కోపమొస్తే? మాట్లాడటం మానేసేది, అరగంట కంటే ఉండలేకపోయేది. నాన్నకి ఇన్ని మాటలు వచ్చని కూడా నాకు తెలియదు. కంచాలు ఖాళీ అయ్యాయి. చేతులెండిపోయాయి. "లేవండర్రా, చెయ్యి కడుక్కోండి" అని పిన్ని అంటూనే ఉంది గానీ తనూ లేవలేదు.

"తర్వాత?" అంది అక్క.